గోడ మీద ఐదుగురు

ఆ రోజుల్లో దేశానికి వచ్చిన కష్టాలన్నిటికీ పిల్లలే కారణమని మేము గట్టిగా నమ్మేవాళ్లం. బియ్యం దొరక్కపోయినా పిల్లలే, కిరోసిన్ దొరక్కపోయినా పిల్లలే, జనగామ బస్సులో నిలబడడానికి చోటు లేకపోయినా పిల్లలే. ఏ గోడ చూసినా కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణం, దాని పక్కన నవ్వే తల్లి, నవ్వే తండ్రి, నవ్వే ఒక కొడుకు, నవ్వే ఒక కూతురు. అలా నలుగురూ ఒకేసారి తీరిగ్గా నవ్వే కుటుంబాన్ని నేను మా మానుకోటలో ఎక్కడా చూడలేదు. (మా ఇంట్లో ఒకరు నవ్వుతుంటే ఇంకొకరు తప్పకుండా ఏడుస్తూ ఉండేవాళ్లు. మేము ఆరుగురం.) ఆ ఆరుగురిలో నేను ఐదోదాన్ని. ఎక్కువ మందిని కనకండి అని ఊరూరా తిరిగి చెప్పే ఉద్యోగం పోయి పోయి నాకే దొరికింది. ఇదే మాట ఎవరైనా మా అమ్మకు వేళకు చెప్పి ఉంటే, ఇవాళ చెప్పడానికి నేనే ఉండేదాన్ని కాదు కదా అన్న ఆలోచన ఆ వయసులో నాకు రానే లేదు. పైగా మహా సంతోషంగా చేరాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడి నా చదువు కాస్తా గాలికి పోయింది. ఆ ఏడాదంతా ఊరేగింపుల్లో అరిచి అరిచి గొంతు మాత్రం బాగా పెంచుకున్నాను. ఆ గొంతే తర్వాత అన్నం పెట్టింది. నర్సు ట్రైనింగులో సీటొచ్చింది, ఆ తర్వాత జఫర్‌గఢ్ దాటి కొంత దూరం నడిచిపోవాల్సిన ఒక ఊళ్లో ఉద్యోగం వచ్చింది. మా అమ్మ మాత్రం చుట్టాలకు సగమే చెప్పేది. "మా బిడ్డ సూదులేసే నౌకరి చేస్తది" అని ఊరుకునేది. నాతో మాత్రం, "పెండ్లిగాని పిల్లవు, నలుగుట్ల నిలబడి గా ముచ్చట్లు చెప్పుడేందే, సిగ్గు లేకుంట" అని తల బాదుకునేది. అమ్మ అనడంలో న్యాయం ఉంది. నేను ఊళ్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి, ట్రైనింగులో కంఠతా పట్టిన ఉపన్యాసం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేదాన్ని. వాళ్లు బుద్ధిగా విని, చివర్న ఒకే ఒక ప్రశ్న అడిగేవాళ్లు. "నీకు పెండ్లయిందా నర్సమ్మా?" కాలేదు అనేదాన్ని. "మరి నీకెట్ల ఎర్క?" అనేవాళ్లు. దానికి ట్రైనింగులో జవాబు చెప్పలేదు.

నాపైన ఒక పెద్ద సిస్టరు ఉండేది. ఎండైనా వానైనా గొడుగు వదిలేది కాదు, అంకె ఉంటే తప్ప ఏ మాటా నమ్మేది కాదు. ఎమర్జెన్సీ వచ్చాక ఆమెకు పైనుంచి ఒత్తిడి ఎక్కువైంది, ఆమె నుంచి నాకు ఎక్కువైంది. అప్పుడు పెట్టారు ఈ గోడల పద్ధతి. ప్రతి ఇంటికీ వెళ్లి, తల్లిని పిల్లలెంతమందో అడిగి, వాకిలి పక్కన గోడ మీద గేరుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, త్రికోణం గీసి, దాని లోపల ఆ అంకె వేయాలి. వీధిలో జీపు పోతుంటే ఆఫీసర్లకు దిగకుండానే లెక్క కనబడాలట. "తల్లి ఏం చెప్తే గదే ఎయ్యాలె. నీ తెలివి వాడకు" అని పెద్ద సిస్టరు నాకు గేరు డబ్బా, కుంచె అప్పగించింది. తెలివి వాడవద్దన్న ఉద్యోగం నాకు అంతకు ముందూ దొరకలేదు, తర్వాతా దొరకలేదు.

మొదటి ఇంట్లో ఆ తల్లి చంకలో ఒకడు, కాళ్లకు చుట్టుకుని ఇద్దరు, గుమ్మంలో ఇంకో ఇద్దరు. "పిల్లలెంతమంది అక్కా?" అన్నాను. "ఇద్దరే" అంది. మరి వీళ్లెవరు అంటే, "గీల్లా, పక్కింటోల్ల పోరగాండ్లు" అంది. సరేనని రెండు వేశాను. పక్కింటికి పోతే ఆ పిల్లలే నాకంటే ముందు పరుగెత్తి అక్కడ నిలబడ్డారు. వాళ్లింటావిడ కూడా ఇద్దరే అంది. మరి వీళ్లంటే, "గీల్లు ఆల్లింటోల్లు" అని మొదటి ఇంటివైపు చెయ్యి చూపించింది. అలా వీధి చివరికి వచ్చేసరికి ఎవరికీ చెందని పిల్లలు ఒక మంద, గేరు డబ్బా మోయడానికి పోట్లాడుకుంటూ నా వెనకాల తయారయ్యారు. ఊరంతా రెండు, రెండు, రెండు. ఆడవాళ్లు ఆ త్రికోణాలను చూసి ముచ్చటపడి కొందరు పసుపు రాశారు, కొందరు కుంకుమ పెట్టారు. ఒకావిడ దానికింద ముగ్గు కూడా వేసింది.

సాయంత్రం నా గది యజమానురాలు ఇంటవ్వకు ఈ సంగతి చెబితే పడీ పడీ నవ్వింది. "నువ్వెక్కడి నర్సమ్మవు బిడ్డా. కన్నతల్లి ఉన్న పిల్లల్ని నోటితోని లెక్కపెడ్తదా? దిష్టి తగలదా? గాలి ధూళి ఇంటది, అమ్మవారు ఇంటది. ఎక్కువున్నరని ఇంటె ఒకల్ని తీస్కపోతది. తక్కువ చెప్తె గీ ఇల్లు ఇడిసిపెట్టి పోతది" అంది. మర్నాడు నేను ఈ రహస్యం కనిపెట్టినట్టు పెద్ద సిస్టరుకు చెబితే ఆమె గొడుగు అవతలి భుజం మీదికి మార్చుకుని, "గదంత మనకెందుకు? రెండు మంచి అంకె. మంచిగ కనబడ్తున్నది" అంది.

ఆ వీధిలో రెండు కాని ఇల్లు ఒక్కటే, గాజులక్కది. ఆమె, ఆమె భర్త కలిసి గాజులు దండలుగా కట్టిన మలారం భుజాన వేసుకుని లింగాల ఘనపూర్ దాకా, దేవరుప్పుల దాకా తిరిగేవాళ్లు. ఊరంతా వాళ్లను గాజులక్క, గాజుల బావ అనే పిలిచేది, నేనూ అలాగే అలవాటు పడ్డాను. వాళ్లు ఊళ్లో ఉన్న రోజున పిల్లలంతా వాళ్ల వాకిట్లోనే ఉండేవాళ్లు. గాజు ముక్కలు ఏరుకోవడానికి వచ్చి, ఆమె పెట్టే రొట్టెముక్క తిని, ఆమె ఒళ్లోనే పడి నిద్రపోయేవాళ్లు. "పిల్లలెంతమంది అక్కా?" అన్నాను. ఆమె ఏమాత్రం తడుముకోకుండా, కొంచెం గర్వంగా కూడా, "ఐదుగురు చెల్లె" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఊరంతటికీ దిష్టికి భయపడని మనిషి, ఉన్నమాట చెప్పే మనిషి ఒక్కతైనా ఉందనుకున్నాను. ఆ ఐదు అంకెను మిగతావాటికంటే కాస్త పెద్దగా, గుండ్రంగా వేశాను. ఆమె పక్కనే నిలబడి అది ఆరేదాకా చూసింది.

తర్వాత నా దశ తిరిగింది. ఊరంతా ఇద్దరేసి పిల్లలున్న ఊరు జిల్లాలో ఇదొక్కటేనని ఆఫీసర్లు ముక్కున వేలేసుకున్నారు. జనగామలో మీటింగు పెట్టి, నన్ను వేదిక ఎక్కించి, దండ వేశారు. మిగతా సిస్టర్లకు మీరేం చెప్పి ఒప్పించారో చెప్పమన్నారు. నేను మళ్లీ ఆ కంఠతా ఉపన్యాసమే చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే ఒక ఊరిలోని పిల్లలను సగానికి సగం మాయం చేసిన నర్సు మరొకరు ఉండరు.

కానీ ఆదర్శ గ్రామమైనా సరే మగవాళ్ల ఆపరేషన్ క్యాంపుకు మనిషిని పంపించక తప్పదు. పొద్దున్నే జీపు వచ్చింది. జీపులోవాళ్లు దిగనక్కర్లేని ఆ పద్ధతి ప్రకారమే గోడలు చూసుకుంటూ వచ్చారు. రెండు, రెండు, రెండు, ఐదు. గాజుల బావ అప్పుడే మలారం సర్దుకుని బయటికి వస్తున్నాడు. జనగామకు పోదాం ఎక్కమన్నారట. ఆయన జన్మలో జీపెక్కలేదు. జనగామ బజారులో కొత్త గాజులు తెచ్చుకోవచ్చని, పిలిచి ఎక్కించుకున్నారని సంబరంగా ఎక్కి కూర్చున్నాడు.

అది నేను చూడలేదు. నేను ఇంటవ్వ వాకిట్లో ఒక పిల్లవాడి గజ్జికి మందు రాస్తుంటే గాజులక్క వచ్చింది. "చెల్లె, మీ జీపుల మాయన ఎక్కి పోయిండు. దేనికి తీస్కపోయిండ్రు?" అంది. నేను చెయ్యి తుడుచుకుని, ఎంతో పెద్దరికంగా, "ఏం భయపడకక్కా. చిన్న ఆపరేషను. రెండు దినాలల్ల బరువు పని గూడ చేస్కోవచ్చు. ఎట్లాగూ మీకు ఐదుగురున్నరు కద, ఇగ చాలు" అన్నాను. ఇంటవ్వ చేతిలోని చేట కింద పెట్టింది. గాజులక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"ఐదుగురు ఏడున్నరు చెల్లె?" అంది.

నాకు అర్థం కాలేదు. నీవే చెప్పావు కదా అన్నాను. ఇంటవ్వ నన్ను కసిరింది. "ఒక్కడు లేడే. అందరు పోయిండ్రు. ఒకనికి అమ్మవారు పోసింది, ఒకదానికి వాంతులు బేదులు, ఇద్దరు పురిట్లనే పోయిండ్రు, ఆఖరిది తట్టుతోని పోయింది. పోయినోల్లకు దిష్టేంది? గందుకే గామె నోరార చెప్పుకుంటది" అంది. నా చేతిలో మందు సీసా ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఉన్న పిల్లలను దాచుకునే ఊళ్లో, లేని పిల్లలను చెప్పుకున్న ఒక్క మనిషి ఇంటికి జీపు వచ్చింది. ఇంకా వాళ్లు ఆశ వదులుకోలేదని కూడా ఇంటవ్వే చెప్పింది. మొన్ననే ఇద్దరూ కాలినడకన కొమురెల్లి మల్లన్నకు మొక్కి వచ్చారట. ఆ ఆశ కాస్తా జనగామ క్యాంపులో మధ్యాహ్నానికి తెగిపోబోతున్నది.

జఫర్‌గఢ్ దాకా గాజులక్కా నేనూ దాదాపు పరుగే. బస్సు పోయింది, ఇంకోటి ఎప్పుడో తెలియదు. ఒక లారీకి అడ్డంగా నిలబడి ఆపాను. డ్రైవరు గడ్డం నెరిసిన పెద్దమనిషి. "బైఠో బేటీ" అని తలుపు తీశాడు. లోపల మిరపకాయల ఘాటు. గాజులక్క రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకుని వంగి కూర్చుని ఏడుస్తున్నది. "ఏమైంది బేటీ, దవాఖానకా?" అన్నాడాయన. ఊళ్లో వందమంది ముందు గొంతెత్తి చెప్పిన మాటే అది, కానీ ఆ పెద్దమనిషి ముందు నా నోరు పెగల్లేదు. "దవాఖాన లెక్కనే భాయ్, జర జల్ది పోవాలె" అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో, ఇక లారీ ఆగలేదు. హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా, మేకలమందను, సైకిళ్లను, ఒక పెళ్లి బండిని తప్పించుకుంటూ జనగామలో దింపాడు. దింపి గాజులక్కతో, "పరేషాన్ గాకు చెల్లె. పైవాడున్నడు. మంచిగ కొడుకు పుడ్తడు" అన్నాడు. ఆమె కాన్పుకు పోతున్నదనుకున్నాడు పాపం. గాజులక్క ఏడుస్తూనే ఆయనకు రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

క్యాంపు ఒక బడిలో పెట్టారు. ముందర షామియానా, మైకులో పాటలు, బల్ల మీద ఆపరేషను చేయించుకున్నవాళ్లకు బహుమతిగా ఇచ్చే ఎర్రటి ప్లాస్టిక్ బకెట్లు. పెళ్లి వారిల్లే అనుకోవాలి, కూర్చున్న మగవాళ్ల ముఖాలు చూడకపోతే. నేను వరసంతా వెతికాను. గాజుల బావ వరసలో లేడు. అయిపోయిందనుకున్నాను. లోపలి వరండాలోకి పోయి చూద్దును కదా, ఆయన గచ్చు మీద మలారం విప్పుకుని కూర్చుని క్యాంపు నర్సులకు గాజులు తొడుగుతున్నాడు. పొద్దున ఆయన వంతు వచ్చినప్పుడు ఒక సిస్టరు ఆ ఆకుపచ్చ గాజులు చూసి మనసు పడిందట. తర్వాత ఇంకో సిస్టరు. ఆయన్ను పిలిచినప్పుడల్లా, "జర ఆగుండ్రి, ఒక చెయ్యే అయింది" అని వాళ్లే అడ్డుపడ్డారట. నన్ను చూసి బావ, "చెల్లె, గీడ బేరం మంచిగున్నది" అని నవ్వాడు. ఆయనకు తననెందుకు తెచ్చారో అప్పటికే తెలుసు. తెలిసే అలా నవ్వాడని నాకు అప్పుడు తెలియదు.

డాక్టరు గారు కోస్తా వైపు నుంచి వచ్చినాయన. చెడ్డవాడు కాదు, పొద్దున్నుంచి నిలబడి పనిచేసి కళ్లు పీక్కుపోయి ఉన్నాడు. నేను ఒక్క ఊపిరిన అంతా చెప్పాను. ఆయన విసుక్కున్నాడు. "అయిదుగురని మీరే కదమ్మా రాసింది? ఇప్పుడు ఒక్కరూ లేరంటే నేనేం చెయ్యను? ఇక్కడ కూర్చున్న వాళ్లంతా ఇదే పాట. అదిగో, ఆ మూలనున్నాయన పెళ్లే కాలేదంటాడు, ఆయన్ని చూడ్డానికి మనవడు వచ్చాడు. ఎవర్ని నమ్మను నేను? పైవాళ్లకేం చెప్పను?" అన్నాడు. తర్వాత నా వెనకాల నిలబడ్డ గాజులక్కను చూసి కాస్త మెత్తబడ్డాడు. "ఈవిడేనా తల్లి? సరే, ఈవిడనే చెప్పమనండి. ఈవిడ మాట మీద పంపించేస్తాను. ఏమ్మా, నీకు పిల్లలెంతమంది?"

"ఐదుగురు సారు" అంది గాజులక్క.

డాక్టరు గారు నావైపు చూసి చేతులు తిప్పాడు. నేను ఆమె భుజాలు పట్టుకుని, "అక్కా, గట్ల కాదు. నీ కాల్మొక్త. లేరని చెప్పు. ఒక్క మాట. బావను పంపిస్తరు" అని బతిమాలాను. ఆమె నావైపు వింతగా చూసింది. "లేరని నా నోటితోని ఎట్లంటనే చెల్లె. పెద్దోడు పుడితె ఊరంత సక్కెర పంచినం. ఆఖరుది నడిసింది గూడ. అవ్వా అని పిలిసింది. గా పిల్లను లేదంటనా?" అంది. గట్టిగా అనలేదు. ఎవరితోనో ఇంటి ముచ్చట చెబుతున్నట్టే అంది. ఆమెకు పిల్లలు కావాలి, మళ్లీ ఒకసారి అవ్వా అని, అమ్మా అని పిలిపించుకోవాలి, అందుకే కదా అంత దూరం వచ్చింది. దానికోసం పోయిన ఐదుగురినీ తన నోటితో లేకుండా చేయమంటున్నాం. నేను ఆమె భుజాలు వదిలేశాను.

అప్పుడు గాజుల బావ లేచాడు. మలారం జాగ్రత్తగా చుట్టి బెంచీ మీద పెట్టాడు. "సారు, ఆమెను అడగకుండ్రి. నేనొస్త. ఏడ పండుకోవాల్నో చెప్పుండ్రి" అన్నాడు. భార్యవైపు తిరిగి, "నువ్వేం చెప్పకు. ఏం కాదు. పోనీ" అన్నాడు.

గాజులక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. డాక్టరు గారివైపు చూడకుండా, షామియానా గుంజను చూస్తూ, "లేరు సారు" అంది. "ఒక్కలు గూడ లేరు. నాకు పిల్లలు లేరు."

మైకులో పాట మోగుతూనే ఉంది. డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వెళ్లండమ్మా, ఇంటికి వెళ్లండి" అన్నాడు. మేము మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఒక సిస్టరు మొహమాటపడుతూ, "అయ్యా, నాకు ఒక చెయ్యే అయింది" అని పిలిచింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ బావ వెనక్కి పోయాడు. ఒక చేతికి తొడిగి ఇంకో చేతిని బోసిగా వదిలిపెట్టడం వాళ్ల వృత్తిలో లేదు. గచ్చు మీద కూర్చుని, ఆ అమ్మాయి వేళ్లు మెల్లగా నొక్కి, ఒక్క గాజు కూడా పగలకుండా తొడిగాడు. పచ్చగా ఉండు బిడ్డా అని దీవించాడు. గాజులక్క మెట్ల మీద కూర్చుని ఎదురుచూసింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

ఈ సంగతి తెలిసి పెద్ద సిస్టరు ఊరికొచ్చింది. ఆపరేషన్ కాని ఐదు గోడ మీద ఉంటే ఆదర్శ గ్రామం పరువు పోతుందని ఆమె భయం. "సున్న ఎయ్యి. ఉన్న సంగతే కద" అంది. ఉన్న సంగతే. తడిగుడ్డ, గేరు డబ్బా తీసుకుని పోయాను. గాజులక్క వాకిలి ఊడుస్తున్నది. చీపురు పక్కన పెట్టి గోడకు అడ్డంగా వచ్చి నిలబడింది. జనగామ నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమె నాతో మాట్లాడలేదు. "నోటితోనైతె లేరన్న చెల్లె, ఆయన కోసం. గోడ మీదికెల్లి గూడ తీసేస్తె వాల్లను ఏడ పెట్టుకోవాలె నేను? వాల్ల పేర్లు ఏడ రాసి లేవు. ఒక్క ఫొటో లేదు. నువ్వొక్కదానివే రాసినవు" అంది.

నేను తడిగుడ్డ పిండుకుని వెనక్కి వచ్చాను. తుడవలేదని పెద్ద సిస్టరుకు చెప్పాను. ఎందుకు తుడవలేదంటే, తల్లి ఏం చెబితే అదే వేయాలి కదా, నా తెలివి వాడలేదు అన్నాను. (జీవితంలో నేను పైవాళ్లకు ఎదురు చెప్పిన మాట అదొక్కటే. చెప్పాక నేరుగా పోయి ఇంటవ్వ దగ్గర చాయ్ తాగాను.) అనుకున్నట్టే నన్ను అడవిలోకి, భూపాలపల్లి వైపు బదిలీ చేశారు. మా అమ్మ విని, "గంతే, గా ముచ్చట్లు చెప్పే పిల్లను అడివిల గాక ఏడ పెడ్తరు" అంది.

ఎమర్జెన్సీ పోయింది. త్రికోణాల అంకెలు వానలకు కొట్టుకుపోయాయి. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. (మేము నలుగురం ఒకేసారి నవ్వింది నాకు ఇప్పటికీ గుర్తు లేదు.) చాలా ఏళ్లకు, భూపాలపల్లిలో బొగ్గు బావుల పనులు జోరందుకునే నాటికి నేనే పెద్ద సిస్టరునై, చేతిలో గొడుగుతో మళ్లీ జఫర్‌గఢ్ వైపు వచ్చాను. ఇంటవ్వ లేదు. నా వెంట ఒక కొత్త సిస్టరు ఉంది, పెళ్లి కాని పిల్ల, మంచి గొంతు. ఊళ్లోకి పోతూనే నా కాళ్లు గాజులక్క ఇంటివైపు తిరిగాయి.

వాళ్లకు తర్వాత పిల్లలు పుట్టలేదు. ఈ మాట రాయడానికి ఇక్కడిదాకా వాయిదా వేస్తూ వచ్చాను. డాక్టరు పంపించేసినా, మల్లన్నకు మొక్కినా, లారీ పెద్దమనిషి అంత నిండు మనసుతో దీవించినా పుట్టలేదు. మరి ఆ రోజు మేము జనగామలో కాపాడుకొచ్చిందేమిటి అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. బావ కళ్లు మసకబారి గాజులు అమ్మడం మానేశాడు. గాజులక్క జుట్టు ముగ్గుబుట్టయింది. ఇల్లంతా తెల్లగా సున్నం వేసి ఉంది. వాకిలి పక్కన మాత్రం ఆ త్రికోణాన్ని వదిలి, చుట్టూ సున్నం వేశారు. లోపల ఐదు, ఎవరో మళ్లీ మళ్లీ దిద్దినట్టు లావుగా ఉంది.

నన్ను చూసి గాజులక్క నా చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయి పీట వేసింది. ఇంతలో మా కొత్త సిస్టరు గుమ్మం దగ్గరే ఆగిపోయి గోడను చూసింది. ఆమెకు ఏమీ తెలియదు. "ఐదుగురా పెద్దవ్వా?" అంది. "అవు బిడ్డా, ఐదుగురు" అంది గాజులక్క, అదే గర్వంతో. అంతే, ఆ పిల్ల చెంగు నడుముకు దోపుకుని మొదలుపెట్టింది. ఎక్కువమంది పిల్లలుంటే తల్లి ఆరోగ్యం ఎట్ల పాడైతదో, తిండి ఎట్ల సరిపోదో, ఇప్పటికైనా మీ కోడండ్లకు ఎట్ల చెప్పాల్నో, ఊపిరి తీసుకోకుండా, ఒక్క మాట తప్పకుండా, నేను కంఠతా పట్టిన ఆ ఉపన్యాసమే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ పిల్లను ఆపుదామని లేవబోయాను.

గాజులక్క నా మోకాలి మీద చెయ్యి వేసి నన్ను కూర్చోబెట్టింది. "చెప్పనియ్యి చెల్లె" అంది మెల్లగా. తలమీద కొంగు సర్దుకుని, ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ, మధ్యమధ్య తల ఊపుతూ, చాలామంది పిల్లలను కని అలసిపోయిన తల్లి వినవలసినట్టుగా ఆ మాటలన్నీ చివరిదాకా విన్నది.